నేతవిద్యయు పేటెంటు హక్కులును
(వార్షిక మహాసభయందు జేసిన యుపన్యాసము)



నేటి యంత్రవిద్యలను గూర్చియు, పేటెంటు చట్టములను గూర్చియు నాలుగు మాటలు చెప్పుమని మన కార్యదర్శిగారు నన్ను గోరిరి. జీవితమంతయు బాలురకు విభక్తులను, సంధులను నేర్పిన పంతులునకు ఈ విషయమేల యని మీలో కొందఱకు దోపవచ్చును. కాని నేడు అరుగుమీదను, పెండ్లిపందిటను, బస్సులోను జనులు మాటలాడుకొనునది యీ విషయమే గదా! ఫోనులో నొక వార్త వచ్చును. “మన పసుపును అమెరికావారు పట్టా చేసికొన్నారట” యని యొకడనును. “ఇక మగ్గమును గూడ కంప్యూటరే నడుపునట” యని మఱియొకడనును. మూడవవాడు నిట్టూర్చి లేచిపోవును. ఈ వార్తలలో నిజమెంత, భయపడదగిన దెంత, మనము చేయవలసిన పని యేమి యని విచారించుటయే నా యుద్దేశము.

నా సిద్ధాంతమును ముందుగనే మనవి చేసెదను. మన విద్యలో పాతదియు నందఱిదియునగు భాగమును వ్రాసి లోకమునకు బ్రకటింపవలెను. క్రొత్తదియు నొకరి బుద్ధిచే గలిగినదియునగు భాగమును రిజిస్టరు చేయించువఱకు గుప్తముగ గాపాడవలెను. నేడు మనము సరిగా దీనికి విపరీతముగ జేయుచున్నాము. పాతదానిని దాచుచున్నాము; క్రొత్తదానిని చాటుచున్నాము.

మొదట పేటెంటనగా నేమో తెలిసికొందము. ఒకడు లోకమున లేని వస్తువునో, దానిని జేయు విధానమునో కనిపెట్టెననుకొనుడు. రహస్యముగ నుంచుకొన్నచో నా విద్య వానితోడనే నశింపవచ్చును. అట్లు నశింపకుండుటకై ప్రభుత్వము వానితో నొక బేరము చేయును. “నీ విద్యను సాంతముగ వ్రాసి మాకిమ్ము. దరఖాస్తు పెట్టిన నాటినుండి 20 ఏండ్లు నీ యనుమతి లేక యెవ్వరును దానిని చేసి యమ్ముకొనకుండ నీకు హక్కిచ్చెదము. పిదప నది యందఱి సొత్తగును.” ఈ బేరమునకే పేటెంటని పేరు. ఇది బహుమానము గాదు, బిరుదు గాదు. వ్రాసి యిచ్చినందులకు బదులుగ నిచ్చు కాలపరిమితి గల హక్కు.

ఇట్టి శాసనమును వెనీసు నగరమువారు 1474 లోనే చేసిరి. మన దేశమున మొదటి చట్టము 1856 లో వచ్చెను. ఆ యేడే కలకత్తాలో నొక యింజనీరు, పంకాలను లాగుటకొక యంత్రమును గల్పించితినని మొట్టమొదటి యర్జీని బెట్టుకొనెను. స్వాతంత్ర్యానంతరము న్యాయమూర్తి రాజగోపాల అయ్యంగారుగారు 1959 లో నొక గొప్ప నివేదిక నిచ్చిరి. దాని ననుసరించి 1970 లో నేటి చట్టము పుట్టెను. తరువాత బలుమాఱులు సవరింపబడెను. ఏ చట్టమునందైనను మూలసూత్రములు మూడే. కనిపెట్టినది క్రొత్తది కావలెను, ఆ విద్య నెఱిగినవానికి సులభముగ దోచనిది కావలెను, ఉపయోగపడునది కావలెను.

ఇందు మొదటి సూత్రముకడనే మనకు జిక్కు వచ్చినది. క్రొత్తదా, పాతదా యని నిర్ణయించుట యెట్లు? పాతదని చెప్పువాడు సాక్ష్యము చూపవలెను గదా! పెరటిచెట్టు మందునకు రాదని మనవారి సామెత. ఆ పెరటిచెట్టే పరదేశమున మందై, పేటెంటై, తిరిగి మన యింటికి వెలకు వచ్చు కాలము దాపురించినది.

1995 మార్చిలో అమెరికాయందు మిసిసిపీ విశ్వవిద్యాలయపు వైద్యకేంద్రమునకు, పసుపుతో గాయములను మాన్పు పద్ధతికై పేటెంటు లభించెను. దానిని గోరిన యిరువురును భారతీయ సంతతివారే యనుట గమనింపదగినది. మన దేశపు శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలివారు 1996 లో దాని నెదిరించిరి. నాడు అమెరికా చట్టమున నొక నియమముండెను. వారి దేశమునకు వెలుపల నొక పని తరతరములుగ జరుగుచున్నను, ఆ వాడుక మాత్రము సాక్ష్యము గాదు; అది యెక్కడనైన గ్రంథస్థమై యుండవలెను. మన యవ్వ పసుపు నూఱి మనుమని కాలికి గట్టిన కట్టు ఆ న్యాయస్థానమున లెక్కకు రాదన్నమాట! మండలివారు సంస్కృతమునుండియు, ఉర్దూ, హిందీ భాషలనుండియు 32 లిఖితాధారములను వెదకి తెచ్చిరి. 1953 లో భారతీయ వైద్యసంఘ పత్రికయందు బ్రకటితమైన వ్యాసము నందులో నుండెను. 1997 ఆగస్టులో నా పేటెంటు రద్దయ్యెను. పైని చెప్పిన నియమమును అమెరికావారు 2011 నాటి చట్టముచే మార్చిరి. మార్పు 2013 నుండి యమలునకు వచ్చెను.

వేపనూనెతో శిలీంధ్రములను నశింపజేయు పద్ధతికి ఐరోపా పేటెంటు కార్యాలయమువారు 1994 లో నొక హక్కు నిచ్చిరి. దాని నెదిరింపగా 2000 లో రద్దయ్యెను. అప్పీలు సైతము కొట్టివేయబడి వ్యవహారము ముగియునప్పటికి 2005 మార్చి వచ్చెను. వేపచెట్టు మనదని నిరూపించుటకు బదునొకండేండ్లు! పసుపును గాపాడినది కేకలు గాదు, ఊరేగింపులు గాదు. ఎన్నడో యొక వైద్యుడు దీపముకడ గూర్చుండి వ్రాసిపెట్టిన వాక్యము గాపాడినది.

ఈ యనుభవముచే గనులు తెఱచిన ప్రభుత్వము 2001 లో సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయమును బ్రారంభించెను. ఆయుర్వేద, యునానీ, సిద్ధ గ్రంథములలోని యోగములను ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మను, స్పానిషు, జపాను భాషలలోనికి దెచ్చి, విదేశపు పేటెంటు పరీక్షకులు చూచుటకు వీలుగ గంప్యూటరునందు బొందుపఱచిరి. మన పేటెంటు చట్టమునకు 2002 లో జరిగిన సవరణచే, సంప్రదాయ విజ్ఞానమైనది పేటెంటునకు దగదని స్పష్టముగ జేర్పబడెను. ఇది మంచిదే. కాని సోదరులారా! ఆ గ్రంథాలయము ముఖ్యముగ వైద్యమునకును యోగాభ్యాసమునకును నుద్దేశింపబడినది. మన నేతవిద్య మాట యేమి?

నూలునకు బెట్టు గంజి యే కాలమున నెంత చిక్కగ నుండవలెను? చిటికి కట్టుటలో పడుగునకు లెక్క యెట్లు, పేకకు లెక్క యెట్లు? తేలియా రుమాలునకు నూలును నూనెతోను, ఆముదపు కాయల బూడిదతోను ఎన్ని దినములు నానవేసి యెండవేయవలెను? ఎఱుపు పట్టుటకు నీటి గుణము చూచుట యెట్లు? ఇవి యే పుస్తకమున వ్రాయబడియున్నవి? వృద్ధుల వ్రేళ్లయందు వ్రాయబడియున్నవి. మన తల్లుల భుజములయందు వ్రాయబడియున్నవి. ప్రతి సంవత్సరమును మన సంఘమువారు దివంగతులైన పెద్దలకు సంతాపతీర్మానము చేయుచున్నాము. ప్రతి తీర్మానముతోడను నొక గ్రంథము దగ్ధమైన దనుట యతిశయోక్తి గాదు.

“వ్రాసిన యెడల మర మగ్గములవారు చదివి మన నోటికాడి కూడు లాగుకొందురు” అని కొందఱు పెద్దలు భయపడుచున్నారు. వారి భయము గౌరవింపదగినది. కాని విచారింపుడు. నూఱు కుటుంబముల కెఱుకపడిన రహస్యము రహస్యమా? మర మగ్గపు యజమాని చీర నొక్కదానిని కొని, దారము విప్పి చూచుకొనగలడు. వానికి మన వ్రాతతో బనిలేదు. వ్రాత లేకుండుటచే నష్టపడువారు మనమే. ఎవడైన నీ విధానమును తనదని యర్జీ పెట్టిననాడు, కాదనుటకు మనచేత నొక కాగితమైనను నుండదు. విద్య యిచ్చినకొలది వర్ధిల్లునని పెద్దలు చెప్పుట సత్యమే. అయినను ఇచ్చినవారి పేరు నిలువవలెను గదా!

ఇక క్రొత్తదాని మాటకు వచ్చెదను. తర్కశాస్త్రమున కారణములు మూడు విధములని చెప్పుదురు. దానికి మన మగ్గమే యుదాహరణము. వస్త్రమునకు దారములు సమవాయికారణము. దారముల కూర్పు అసమవాయికారణము. నాడె, మగ్గము మున్నగునవి నిమిత్తకారణము. తరతరములనుండి తార్కికులు చెప్పుకొనుచున్న యీ యుదాహరణము నేటి చట్టములను దెలిసికొనుటకు జక్కగ నుపకరించును. క్రొత్త పనిముట్టును గాపాడునది పేటెంటు. క్రొత్త కూర్పును, అనగా అంచును, బుటాను, రంగుల పొందికను గాపాడునది 2000 నాటి డిజైనుల చట్టము. వీనికి దోడుగ, ఏ యూరి విద్యయో యా యూరి పేరును గాపాడునది 1999 నాటి భౌగోళిక సూచికల చట్టము. ఈ మూడింటిని గలగాపులగము చేసి “మన చీరకు పేటెంటు వచ్చినది” యని పత్రికలు సైతము వ్రాయుచుండును. అది సరి గాదు.

పనిముట్టునకు మేలైన యుదాహరణము మన యెదుటనే యున్నది. ఆలేరు ప్రాంతమున శారాజీపేట గ్రామవాసియగు శ్రీ చింతకింది మల్లేశముగారిని మీరెఱుగుదురు. చిటికి నేతకు ముందు ఆసు పోయవలెను. నడిమి కొయ్యనుండి అర్ధచంద్రాకృతిగ నున్న కొయ్యలకు దారమును ద్రిప్పుచు, చేతిని దినమునకు వేలమాఱు లాడింపవలెను. ఈ పని స్త్రీలది. చీరవెలలో దీనికి వేఱుగ కూలి లెక్కించినవా రరుదు. తల్లి భుజముల నొప్పిని జూచి యోర్వలేక, బడిచదువు నడుమనే మానవలసి వచ్చిన యా యువకుడు సుమారేడేండ్లు శ్రమించి, 1999 లో ఆసుయంత్రమును బూర్తిచేసి, తల్లి పేర లక్ష్మీ ఆసుయంత్రమని పేరిడెను. దానికి బేటెంటును బొందెను. 2017 లో ప్రభుత్వము పద్మశ్రీ బిరుదముతో గౌరవించెను.

యంత్రమనగానే మనలో రెండు పక్షములు లేచుచున్నవి. ఒక పక్షమువారు వచ్చినదంతయు శుభమందురు. వేఱొక పక్షమువారు వచ్చినదంతయు వినాశమందురు. నేనొక్కటియే ప్రశ్న వేయుదును: ఈ యంత్రము ఎవరి నొప్పిని దీర్చుచున్నది, ఎవరి కూలిని దీసివేయుచున్నది? ఆసుయంత్రము తల్లి నొప్పిని దీర్చెను. నేతగాని నేతను మాన్పలేదు. మగ్గమునకును యంత్రవిద్యకును బుట్టుకతో వైరము లేదు. ఫ్రాన్సుదేశపు లియాను నగరమున జకార్డు అను నతడు 1804 ప్రాంతమున, రంధ్రములు గల యట్టలచే నమూనాను నేయించు సాధనమును నిర్మించెను. ఆ యట్టల పద్ధతినే తరువాత ఇంగ్లండున బాబేజి పండితుడు తన గణనయంత్రమునకై గ్రహించెను. నేటి కంప్యూటరు వంశవృక్షమున మగ్గమును బూర్వులలో నొకటి. కావున కంప్యూటరును జూచి నేతవాడు తలవంచవలసిన పనిలేదు.

ఊరి పేరును గాపాడు చట్టము 2003 సెప్టెంబరులో నమలునకు వచ్చెను. 2005 నాటికే పోచంపల్లి ఇక్కతునకు నమోదు లభించెను. పుట్టపాక తేలియా రుమాలునకు 2020 లో లభించెను. ఈ నమోదు పదేండ్లకొకమాఱు పునరుద్ధరింపవలసినదే కాని, పేటెంటువలె 20 ఏండ్లతో దీఱిపోవునది కాదు. అయితే రెండు సంగతులు మఱువరాదు. మొదటిది: ఊరికి నమోదు వచ్చినంతమాత్రమున బ్రతి నేతగానికి రక్షణ రాదు. ఎవరికివారు అధీకృత వినియోగదారులుగ బేరు నమోదు చేయించుకొనవలెను. దీనికి రుసుము లోగడ 500 రూపాయలుండగా 2020 లో 10 రూపాయలకు దగ్గించిరి. పది రూపాయల పని నుపేక్షించి పదివేల చీర పోయెనని విలపించుట తగునా? రెండవది: ఈ చట్టము కులమును జూడదు. ఆ ప్రాంతమున నా విధానముతో నేయువా డెవడైనను హక్కుదారుడే. మన మహాసభలో నీ మాట చెప్పుట కొందఱకు రుచింపకపోవచ్చును. కాని ఈ విద్యను బెక్కు కులములవారు కలసి నిలిపిరి. రంగులద్దినవారు, నూలు వడికినవారు, పన్నె గట్టినవారు నందఱును మనవారు కారు. ఊరి పేరున వచ్చిన హక్కు ఊరందఱిది. మన సంఘము చేయు సాయము పొరుగువానికి నందిన యెడల మనకు లోపమేమియు లేదు.

ఇక డిజైనుల మాట. ఇక్కడనే మన యువకులు మోసపోవుచున్నారు. డిజైనునకు మొదట పదేండ్లు, పిదప నింకొక యైదేండ్లు రక్షణ గలదు. చేతితో జేసినదైనను యంత్రముతో జేసినదైనను అర్హమే. కాని దరఖాస్తు పెట్టుటకు మునుపు అది లోకమున బ్రకటితమై యుండరాదు. మా వీధిలో నొక చిరంజీవి ముచ్చటైన యొక క్రొత్త యంచును గల్పించెను. మగ్గమునుండి చీర దిగకమునుపే దాని చిత్రమును ఫోనులో వాట్సాపునకు, ఫేసుబుక్కునకు బంపెను. మెచ్చుకోలులు వందలకొలది వచ్చెను. నెల తిరుగకమునుపే ఆ యంచే యచ్చుగుడ్డమీద బజారున దక్కువ వెలకు గనబడెను. అప్పుడు నాకడకు వచ్చి, “మాస్టరుగారూ! ఇప్పుడు రిజిస్టరు చేయింపవచ్చునా?” యని యడిగెను. చేతులు కాలిన పిదప నాకులు పట్టుకొని యేమి ఫలము? తాను చేసిన ప్రకటనయే తన క్రొత్తదనమును హరించెను. చిత్రమును బంపుటయు నచ్చువేయుటయు నొక్కటియే యని మన పిల్లలకు దెలియజెప్పవలెను.

నేడు డిజిటల్ యచ్చుయంత్రములు చిటికి చీరను బోలిన గుడ్డను క్షణములలో గ్రక్కుచున్నవి. పాత చీరల బొమ్మలను వేలకొలది చూచి నేర్చుకొని క్రొత్త బొమ్మను గీయు కృత్రిమమేధయు వచ్చినది. బొమ్మను గీయుట వేఱు, నేయుట వేఱు. నిజమైన చిటికి చీరయందు దారమే ముందుగ రంగు పట్టియుండును గనుక వస్త్రమునకు రెండువైపుల వన్నె సమానముగ నుండును. ఒక్క పోగు లాగి చూచిన నందే రంగులు విడివిడిగ గనబడును. అచ్చుగుడ్డ సాధారణముగ వెనుకవైపున వెలవెలబోవును. ఈ పరీక్షను మన యాడబిడ్డలకును, కొనువారికిని నేర్పుట సంఘముయొక్క పని.

కాగితముమీది హక్కు దానంతట నది కూడు పెట్టదని గూడ హెచ్చరింపవలెను. తాడు లాగిన దానంతట బరుగెత్తు నాడెను ఇంగ్లండున జాన్ కే యను నతడు 1733 లో గనిపెట్టి పేటెంటు పొందెను. వస్త్రవర్తకులు దానిని వాడుకొనిరే కాని సొమ్మియ్యలేదు. పైగా వ్యాజ్యముల ఖర్చును దమలో దాము పంచుకొనుటకు వారొక కూటమిగ నేర్పడిరి. ఒంటివాడగు కే వ్యాజ్యములలో జితికి, ఫ్రాన్సుదేశమునకు వలసపోయి, దరిద్రుడై మరణించెను. ఎగవేయువారు కూటమి కట్టగలిగినప్పుడు, కనిపెట్టినవారు కూటమి కట్టుటకేమి? సంఘములుండుట యిందుకొఱకు గాక మఱెందుకు?

కావున నీ మహాసభవారికి నావి మూడు మనవులు. మొదటిది: ఈ సంవత్సరమే అరువది దాటిన నేతగాండ్రకడకును, ఆసు పోసిన తల్లులకడకును మన విద్యార్థులను బంపి, వారు చెప్పిన పాళ్లు, లెక్కలు, పేరులు ఉన్నవి యున్నట్లు వ్రాయింపవలెను. చెప్పినవారి పేరును, ఊరును, తేదీయు నుండవలెను. దానిని అచ్చువేసి గ్రంథాలయములకు బంపవలెను. రెండవది: చట్టము చదివిన యువకులిద్దఱిని నియమించి, క్రొత్త నమూనాను గల్పించినవాడు ఫోనులో బంపకమునుపు వారికడకు వచ్చునట్లు చేయవలెను. మూడవది: దరఖాస్తుల రుసుములకును, అవసరమైన వ్యాజ్యములకును ఒక నిధిని గూర్చవలెను.

మన పోషకులు వసతిగృహమునకు గదులు కట్టించిరి. కల్యాణమండపమునకు ఫలకము లెత్తించిరి. వారికి సంఘము ఋణపడియున్నది. ఈ యేడు ఒక గది తక్కువైనను సరియే. ఒక పుస్తకమునకు ద్రవ్యమిండు. గదికి బెచ్చులూడిన మరల వేయింపవచ్చును. ఆసు లెక్క తెలిసిన యవ్వ పోయిన పిదప నెవ్వరిని మరల నడుగగలము?